ఇరవై ఏడో వంతు పంతులు

జూన్ పదమూడో తారీకు ఉదయం పదకొండున్నరకు వంతెనపేట ప్రాథమిక పాఠశాలను ఇరవై ఏడు సమాన భాగాలు చేసి, అందులో చదివే ఇరవై ఏడు మంది పిల్లల చదువుల పొదుపు ఖాతాల్లో తలకొకటి చొప్పున జమ చేశారు. బడికి ఉన్న ఒకే ఒక్క ఉపాధ్యాయుడు బుల్లియ్య మాస్టారు ఆస్తుల జాబితాలో పదకొండో అంశం కాబట్టి ఆయన్నీ పంచారు. ఒంటిగంటకల్లా పని అయిపోయింది. సిబ్బంది భోజనానికి వెళ్లారు.

ఇందులో తికమక ఏమీ లేదు. ప్రభుత్వం ప్రతి పిల్ల చదువు మీదా ఏటా ఇంత అని ఖర్చు పెడుతోంది. ఆ ఇంతను బడికి ఇవ్వడం దేనికి, బడికెళ్లే పిల్లకే ఇచ్చేస్తే పోలా అని పైవాళ్లకు తోచింది. పిల్ల పేర ఖాతా తెరిచి, ఖాతాలో వాటా వేస్తే, ఆ వాటాతో తల్లిదండ్రులు నచ్చినచోట నచ్చిన చదువు కొనుక్కుంటారు. కరపత్రం మీద ‘మీ బడి మీ ఒడిలోకే’ అని రాసి ఉంది. ఖజానాలో నగదు లేకపోవడం ఒక్కటే చిన్న లోటు. అందుచేత నగదుకు బదులు బడినే వస్తురూపంలో జమ చేయమని ఉత్తర్వు వచ్చింది. అప్పటికే సైకిళ్లు పంచి, కుట్టుమిషన్లు పంచి, గేదెలు పంచి చేయి తిరిగిన శాఖకు పంతుల్ని పంచడం ఒక పంచాయితీ కాదు. బడి స్థలం ఒక్కటీ పంచలేదు. దానికి వేరే పథకం ఉంది.

బజారు వెనక సందులో జాకెట్లు, స్కూలు బట్టలు కుట్టే వరహాలు తన కూతురు లిఖిత తరఫున వాటా అందుకుని రసీదు మీద సంతకం పెట్టింది. పేరులో ఉన్న వరహాలు ఆమె పెట్టెలో ఏనాడూ లేవు. మొగుడు నాగులు లారీ మీద నెలకు ఇరవై రోజులు ఒరిస్సాలో ఉంటాడు, మిగతా పది రోజులు నిద్రలో ఉంటాడు. కాబట్టి ఇంటికి సంబంధించిన సంతకాలన్నీ ఆమెవే. రసీదులో నాలుగు అంశాలున్నాయి: ఒక బెంచీలో మూడింట రెండు వంతులు, నల్లబల్ల కింది ఎడమ మూల, గంట మోతలో మూడు సెకన్లు, బుల్లియ్య మాస్టారి గొంతు.

గొంతును స్టీలు క్యారియర్లో పెట్టి ఇచ్చారు. మూత తీస్తే మాట్లాడుతుంది, మూత పెడితే దగ్గుతుంది.

వరహాలు పట్టుదల ఏమిటో సందులో అందరికీ తెలుసు. తనది ఐదో తరగతితో ఆగిన చదువు. బడిలో భిన్నాలు మొదలుపెట్టిన రోజునే, తమ్ముణ్ణి ఎత్తుకునే మనిషి లేదని అమ్మ ఆమెను ఇంట్లో ఉంచేసింది. ఆ తర్వాత ముప్పావు, పావు, అర ఆమె వేళ్లకు తెలిశాయి గానీ కాగితం మీద ఒక అంకె కింద ఇంకో అంకె కనిపిస్తే ఇప్పటికీ కళ్లు తిప్పుకుంటుంది. ఇప్పుడు లిఖితకు పదేళ్లు, ఐదో తరగతిలోకి వచ్చింది. ఈ ఒక్క ఏడూ పిల్ల ముక్కలు కాని బడిలో కూర్చుని, భిన్నాలు నేర్చుకుని, వచ్చే ఏడు కాలవ అవతల హైస్కూలుకు వెళ్లాలి. వరహాలు కోరుకున్నది అంతకు వీసమెత్తు ఎక్కువ కాదు.

మొదటి వారం గొంతు శ్రద్ధగానే చెప్పింది. “ఇదిగో అమ్మాయ్, పైన మూడు వేసి, గీత గీసి, కింద నాలుగు వేస్తున్నాను, చూశావా?” అనేది. చూడ్డానికి ఏమీ ఉండేది కాదు. వేసే కుడిచెయ్యి నాలుగిళ్ల అవతల ఇడ్లీబండి మంగతాయారు ఇంట్లో ఉంది. ఆ చెయ్యి పాఠం లేక పొద్దుపోక బండి మీద ధరల బోర్డు రాసింది. అంత గుండ్రటి ‘పెసరట్టు’ను ఆ ఊరు ఎప్పుడూ చూడలేదు, రెండు రోజుల్లో గిరాకీ పెరిగింది. మాస్టారి భార్యకు పిల్లలు లేరు కాబట్టి పథకంలో అర్హత లేదు. ఆవిడ సాయంత్రాలు ఇంటింటికీ తిరిగి బీపీ మాత్ర ఒకచోట, మజ్జిగ ఒకచోట, మోకాలికి నూనె ఒకచోట ఇచ్చి వచ్చేది. వరహాలు ఇంటికి వచ్చినప్పుడు క్యారియరు మూత తీసుకుని కాసేపు కూర్చునేది. ముప్పై ఏళ్ల కాపురంలో ఆయన ఇంత నిలకడగా ఇంటి కబుర్లు చెప్పడం ఇదే మొదలని ఆవిడ అంది.

వాటాతో చదువు బయట కొనుక్కోవచ్చు కదా అని వరహాలు క్యారియరు పట్టుకుని కాన్వెంటుకు కూడా వెళ్లింది. గొంతు ఫీజు కింద చెల్లదన్నారు. తమ దగ్గర చెప్పే గొంతులకు కొదవ లేదని, కట్టే చేతుల కోసమే చూస్తున్నామని మర్యాదగా చెప్పి పంపారు.

ఇక ఆ సందుకు తెలిసిన మార్గం ఒక్కటే. ఫ్రిజ్జు కావాలన్నా, రేకులకప్పు కారినా, ఆపరేషను పడినా వరహాలు చీటీయే దిక్కు. అందరూ తలా కొంత వేస్తారు, పోగైనదాన్ని వంతుకొకరు పాడుకుని ఎత్తుకుంటారు. పన్నెండేళ్లుగా ఒక్క చీటీ మునగలేదు. ఆదివారం ఆమె ఇరవై ఆరు మంది తల్లుల్ని పిలిచి విషయం చెప్పింది. ఎవరి ముక్క వాళ్ల దగ్గరుంటే ముక్కే. తెచ్చి ఒకచోట వేస్తే బడి. రోజుకొకరి పిల్ల ఎత్తుకోవచ్చు, ఆ రోజు బడి మొత్తం ఆ పిల్లదే. తల్లులకు ఇది చెప్పకముందే అర్థమైంది. పాఠాల బడికి వంతుల పాట మొదలైంది. చీటీ ఆనవాయితీ ప్రకారం మొదటి వంతు పాట లేకుండా నడిపేవాళ్లకే వెళుతుంది కాబట్టి, మంగళవారం బడి లిఖితకు వచ్చింది.

పొద్దున్నే ఖాళీ స్థలంలో అందరూ ముక్కలు తెచ్చి పేర్చారు. గోడలు గోడల్ని పట్టుకున్నాయి. బుల్లియ్య మాస్టారు మోకాళ్ల మీద నిలబడి, చెయ్యి తగిలించుకుని, గొంతు సవరించుకుని చొక్కా గుండీలు పెట్టుకున్నారు. తర్వాత చీటీ కట్టుబాటు ప్రకారం మిగతా ఇరవై ఆరు మందీ ఎవరిళ్లకు వాళ్లు వెళ్లిపోయారు. మాస్టారు అలవాటు కొద్దీ హాజరు పిలిచారు. ఒక పేరుకు జవాబు వచ్చింది, ఇరవై ఆరు పేర్లకు గోడలు జవాబిచ్చాయి. పద్దెనిమిది బెంచీల ముందు నిలబడి ఆయన సాయంత్రం దాకా ఒకే పిల్లకు భిన్నాలు చెప్పారు. ఎంత బాగా చెప్పారంటే నల్లబల్ల మీద ఇక చోటు లేదు.

ఆ సాయంత్రం లిఖిత అన్నం ముందు కూర్చుని ముద్ద ఎత్తలేదు. ఏమైందే, అర్థం కాలేదా అని వరహాలు అడిగింది.

“అర్థమైందో లేదో తెలీలేదమ్మా. తప్పు చెప్తే నవ్వడానికి ఒక్కడూ లేడు.”

వరహాలు గంటె కింద పెట్టింది. బడి మొత్తం తెచ్చింది గానీ బడిలో పిల్లల్ని తేవడం మరిచిపోయింది. డబ్బు చీటీలో ఒకరు ఎత్తుకుంటే మిగతావాళ్లు ఇళ్లలో ఉండటమే పద్ధతి, ఆ పద్ధతే ఇక్కడా పెట్టేసింది. మర్నాడు మిషను మీద గుడ్డ కప్పి వార్డు ఆఫీసుకు వెళ్లింది.

ఖాతాలు చూసే వీర్రాజు మంచివాడు. ఎవరొచ్చినా కుర్చీ చూపిస్తాడు, కుర్చీ లేదని తర్వాత గుర్తుకొస్తుంది. వరహాలు చెప్పినదంతా విని, పిల్లలందరూ ఒకేసారి కూర్చోవడం ఎలా అన్నదానికి కంప్యూటర్లో చాలాసేపు వెతికాడు.

“ఒకళ్ల వినియోగం నడుస్తుండగా ఇంకోళ్లొచ్చి అదే బెంచీ మీద కూర్చుంటే ఎవరి ఖాతాలో రాయాలండి?”

“ఇద్దరి ఖాతాలోనూ రాయండి.”

“ఇద్దరి ఖాతాలోనూ రాస్తే అది బడి అయిపోద్దండి. బడి తీసేసి కదండీ ఈ పథకం పెట్టింది.”

వరహాలుకు అందులో న్యాయం కనిపించింది. అయినా కదల్లేదు. అరగంట తర్వాత వీర్రాజుకు ఒక దారి దొరికింది. ఖాతాదారు ఇంట శుభకార్యం జరిగితే, వాటా ఉన్న తోటి పిల్లల్ని ఎంతమందినైనా పిలుచుకోవచ్చు, ఎవరి వాటా వాళ్లు వెంట తెచ్చుకోవచ్చు. గృహప్రవేశానికి ఇల్లు చూపించాలి. పుట్టినరోజుకైతే ఒక కేకు ఫోటో చాలు. ఏడాదికి ఇన్నేనని పరిమితి లేదు. వయసు మాత్రం ప్రతిసారీ కంప్యూటరు తనంతట తనే ఒకటి కలుపుకుంటుంది.

ఆ చివరి మాట వరహాలు విన్నది, పట్టించుకోలేదు. కాగితం మీద పెరిగిన వయసు కాగితం మీదే ఉంటుందనుకుంది. రేషను కార్డులో ఆమె వయసు అరవై రెండు. దానివల్ల ఏనాడూ మోకాళ్లు నొప్పి పుట్టలేదు.

ఆ విద్యా సంవత్సరానికి ఇంకా రెండువందల పదహారు పనిరోజులున్నాయి. ఇరవై ఏడు మంది పిల్లలు. భాగిస్తే తలకు ఎనిమిది పుట్టినరోజులు, శేషం సున్నా. ఇంత చక్కటి భాగహారం తన సర్వీసులో చూడలేదని మాస్టారి గొంతు క్యారియర్లోంచి మెచ్చుకుంది.

బడి మొదలైంది. పొద్దున్న ప్రార్థన స్థానంలో పుట్టినరోజు పాట పాడేవారు. మంగతాయారు తెచ్చిన ఇడ్లీ మీద కొవ్వొత్తి గుచ్చి ఫోటో తీస్తే కంప్యూటరు దాన్ని కేకుగా నమోదు చేసుకునేది. తర్వాత ఎక్కాలు, తెలుగు, భిన్నాలు. మాస్టారు నిలువెత్తున నిలబడి, ముక్కలైనవాడు కాబట్టి, భిన్నాల గురించి అనుభవంతో చెప్పేవారు. పిల్లలు తప్పు చెప్పేవారు, పక్కవాళ్లు నవ్వేవారు. సాయంత్రం ఎవరి వాటా వాళ్లు పట్టుకుపోయేవారు. లిఖిత మూత పెట్టని క్యారియరు ఊపుకుంటూ వచ్చేది, లోపల మాస్టారు నెమ్మదమ్మాయ్ నెమ్మదని అనేవారు.

లిఖిత మొదటి పుట్టినరోజు మర్నాడు ఆమె గౌను జానెడు పొట్టిదైంది. రెండోదానికి భుజాల దగ్గర పిగిలింది. రేషను కార్డు చేత్తో రాసింది, ఖాతా ఆన్‌లైనుది. తేడా అదే.

ఎవరూ పెద్దగా కంగారు పడలేదు. బడికెళ్లే పిల్లలు పెరుగుతారని అందరికీ తెలిసిందే. ఒకటో తరగతి వాళ్లకు పాలపళ్లు ఒకే వారంలో ఊడి, రేకుల మీద వడగళ్లలా పడ్డాయి. మంగతాయారు కొడుకు దొరబాబు నాలుగో తరగతి. ఏడో ఎక్కం సన్నటి గొంతుతో మొదలుపెట్టి, ఏడేడుల నలభై తొమ్మిది దగ్గరకు వచ్చేసరికి బొంగురుపోయి ముగించాడు. ఎక్కాలు ఎక్కేకొద్దీ ఏళ్లూ ఎక్కాయి. వరహాలు స్కూలు బట్టలకు ఎప్పుడూ కింద నాలుగు వేళ్ల మడత వదిలి కుట్టేది. రెండేళ్లు వస్తుందని తల్లులు మెచ్చుకునేవారు. ఆ మడత రెండు నెలలకే అయిపోయింది. తర్వాత అంచులు అతికింది. తర్వాత కొత్తవి కుట్టింది. ఇన్ని ఆర్డర్లు ఆమె జన్మలో చూడలేదు. లిఖిత అసలు పుట్టినరోజు కార్తీకమాసంలో ఒక ఆదివారం వచ్చి, పనిరోజు కాదు కాబట్టి ఎవరికీ గుర్తురాకుండా వెళ్లిపోయింది.

ఐదో పుట్టినరోజు మర్నాడు వరహాలు కూతురికి కొలతలు తీసింది. పొడుగు, భుజం, నడుము. చీటీ మీద రాయబోయి ఆగింది. అవి తన కొలతలు. టేపు మెడలో వేసుకుని మిషను ముందు కూర్చుంది. వెళ్లనిస్తే మార్చికల్లా పిల్ల పిల్లగా మిగలదు. ఆపితే మాస్టారి గొంతు ఇంట్లో ఉండిపోతుంది, బడిలో చెయ్యి రాస్తుంది, ఎందుకు రాసిందో చెప్పేవాడు ఉండడు. ఆ రోజుకు ఆమె తల్లే గెలిచింది. పొద్దున్నే క్యారియరు అటక మీద పెట్టి, తలుపు గొళ్లెం వేసింది.

బడిలో బుల్లియ్య మాస్టారు నోరు తెరిచారు. మళ్లీ మూశారు. సున్నా చుట్టి అందులో గీతలు గీసి, పిల్లల వైపు తిరిగి పెదాలు కదిపారు. పది నిమిషాలకు ఇరవై ఆరు మందీ లేచి వచ్చి వరహాలు గుమ్మం ముందు సందులో కూర్చున్నారు. ఎవరూ గొడవ చేయలేదు. వెనక మాస్టారు కూడా వచ్చి గోడకు చేరబడి నిలబడ్డారు. మంగతాయారు ఇడ్లీబండి వదిలి లోపలికి వచ్చింది.

“ఒదినా, నీ బాధ నాకు తెలీదేటి. మావోడికి మీసాలొత్తన్నాయి, భాగారాలు ఇంకా రావట్లేదు. కానీ ఆపితే ఏటవుద్ది? మీసాలెలాగూ ఆగవు.”

అమ్మ జవాబు కోసం లిఖిత ఆగలేదు. స్టూలు అక్కర్లేకుండానే చెయ్యి చాచి అటక మీది క్యారియరు దించింది.

“ఉండవే. నువ్వు పదేళ్ల పిల్లవి,” అంది వరహాలు.

“నేనొక్కదాన్నే పదేళ్ల దగ్గరుండిపోతే ఎవరితో ఆడుకోనమ్మా?”

అంతే అంది. క్యారియరు మూత తీసి సందులోకి నడిచింది. మాస్టారి గొంతు ముందు కాస్త దగ్గి, నిన్న ఎక్కడ ఆపామర్రా అని అడిగింది. ఇరవై ఆరు మంది ఒక్కసారే చెప్పారు. వరహాలు గుమ్మంలో నిలబడి విన్నది. హారాలు వేరైనప్పుడు ఏం చేయాలో ఆయన గోడ మీద అంకె కింద అంకె వేసి చెబుతుంటే, ముప్పై ఏళ్ల తర్వాత మొదటిసారి కళ్లు తిప్పుకోలేదు. మళ్లీ తలుపుకు గొళ్లెం పెట్టలేదు.

ఏప్రిల్‌లో ఆఖరి పనిరోజున ఆఖరి ఇడ్లీ మీద కొవ్వొత్తి ఆర్పారు. ఐదో తరగతిలో ఆరుగురు ఉన్నారు, ఆరుగురికీ పద్దెనిమిది నిండాయి. బెంచీల మీద మోకాళ్లు పట్టక కాళ్లు పక్కకు పెట్టి కూర్చున్నారు. మాస్టారు ముప్పావులోంచి అరపావు తీసేస్తే ఎంతని అడిగితే లిఖిత బల్ల మీద వేసి చూపించింది. జవాబు సరైనది. దొరబాబు ముందు తప్పు చెప్పాడు, అందరూ నవ్వారు, వాడు పదిహేడేళ్ల గొంతుతో అందరికంటే గట్టిగా నవ్వాడు.

పద్దెనిమిది నిండినవాళ్ల ఖాతా మూసేయాలి, వాటా తిరిగి అప్పగించాలి. మర్నాడు వరహాలు, లిఖిత వార్డు ఆఫీసు వరసలో నిలబడ్డారు. ముందు ఒకాయన ఏడో తరగతి కొడుకుతో ఉన్నాడు. ఆ పిల్లాడి చెవుల దగ్గర వెంట్రుకలు నెరిశాయి. వరహాలు చూపు గమనించి ఆయన గర్వంగానే చెప్పాడు, వీడు ఇంజనీరింగు ఎంట్రన్సుకి ఫౌండేషను కోర్సులో ఉన్నాడని, అక్కడ పుట్టినరోజులు గట్రా చేసి టైము పాడుచేయరని.

వంతు వచ్చాక వరహాలు ఫారం మీద రాసినది రెండుసార్లు చదివించుకుంది. వయసు పద్దెనిమిది. చదువు ఐదో తరగతి. విద్య సంపూర్ణంగా వినియోగమైనది.

“హైస్కూల్లో ఆరో తరగతికి ఈ కాయితం చాలాండి?”

“ఆరో తరగతికి పన్నెండేళ్లు దాటకూడదండి,” అన్నాడు వీర్రాజు, బాధగానే. “రొయ్యల షెడ్డువాళ్లు తీసుకుంటన్నారండి. ఇంతకు ముందు పదేళ్లోళ్లని పెట్టుకుంటే కేసులయ్యేవి. ఇప్పుడు అందరూ మేజర్లే, ఏ ఇబ్బందీ లేదు.”

“మరి ఆ ఎనిమిదేళ్లు... వాడుకోలేదు కదండీ పిల్ల. తిరిగేమన్నా ఇత్తారా?”

వీర్రాజు ఫారం ముందూ వెనకా తిప్పి చూశాడు. అలాంటి గడి లేదు. కావాలంటే ‘ఇతరములు’ దగ్గర రాయమన్నాడు, అక్కడ రాసినవి ఎవరూ చదవరని కూడా దాచకుండా చెప్పాడు. ఆమె మొహం చూసి ఓదార్పుగా, ఆరుగురు వెళ్లిపోతే బడి వచ్చే ఏడు ఇరవై ఒక్క భాగాలే అవుతుందని, ఇరవై ఏడు కంటే ఇరవై ఒకటి చిన్నది కాబట్టి ఒక్కొక్కళ్ల వాటా కూడా తగ్గుతుందని, తగ్గకముందే పెద్ద వాటా వాడుకున్నవాళ్లు అదృష్టవంతులని చెప్పాడు. పక్క కాగితంలో అలాగే రాసి, పైకి పంపడానికి స్టాంపు కూడా తీశాడు.

“ఇరవై ఒకటో వంతే పెద్దదండి,” అంది లిఖిత. “కింద అంకె తగ్గేకొద్దీ ముక్క పెరుగుద్ది.”

పెన్ను తీసుకుని, కాగితం మూల రెండు గీతలు గీసి, పైన ఒకట్లు, కింద ఆ రెండు అంకెలు వేసి, అటు తిప్పి చూపించింది. వీర్రాజు చూశాడు. వేళ్ల మీద ఏదో లెక్కపెట్టుకుని మళ్లీ చూశాడు. స్టాంపు పక్కన పెట్టి లేచి, లోపలి గదిలోంచి కుర్చీ తెచ్చి వేశాడు.

“లిఖిత గారూ, రండి, కూర్చోండి. మాక్కూడా ఒకసారి చెప్పండి.”

ఆ ‘గారూ’ విని, ఎవరో పెద్దావిడ వెనకే వచ్చి నిలబడిందనుకుని వరహాలు కొంగు సర్దుకుంది, పక్కకు జరిగి దారి ఇచ్చింది.